తమ వీధిలోని పిల్లలతో మంచి గుణాల క్లాసు మొదలుపెడుతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ వీధిలో ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని పోగుచేసి, వారానికో గంట మీ ఇంటి ముందు గదిలో మంచి గుణాలు నేర్పాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషమనిపించింది. పక్కపక్క ఇళ్లలో ఉంటూ కూడా ఒకళ్ల పేరు ఒకళ్లకి తెలియకుండా పిల్లలు పెరుగుతున్న రోజులివి. ఎవరో ఒకరు పూనుకోవాల్సిన పనే ఇది, నువ్వు పూనుకున్నావు.

నువ్వు జతచేసిన ప్లాన్ కూడా చూశాను. వారానికో గుణం చొప్పున ఏడాదికి సరిపడా జాబితా, గుణానికో కథ, ఓ పాట, రంగులేసే కాగితం, గోడ మీద చార్ట్, బుద్ధిగా ఉన్నవాళ్లకి స్టార్లు, నెలాఖరుకి బహుమతి. ఎంత కష్టపడి తయారుచేశావో తెలుస్తూనే ఉంది. అయినా నా మాట విని దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. అందులో నువ్వు చెప్పేది బోలెడుంది, పిల్లలు ఒకళ్లతో ఒకళ్లు కలిసి చేసేది దాదాపు లేదు. దయ గురించి వింటే దయ గురించి మాట్లాడడం వస్తుంది. దయగా ఉండడం రావాలంటే, ఆ గంటలోనే ఎవరి మీదో దయ చూపించాల్సిన అవసరం పడాలి. అదీ తనకి కాస్త నష్టం వచ్చే చోట పడాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

పిల్లలకి మంచేదో తెలియదు కాబట్టి చెప్పాలి అని మనం అనుకుంటాం. 2013లో వచ్చిన ఓ పరిశోధన సంగతి విను. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకి స్టిక్కర్లు ఇచ్చి, ఇంకో పిల్లవాడితో ఎలా పంచుకోవాలని అడిగారు. మూడేళ్లవాళ్లు కూడా సమానంగా పంచాలనే అన్నారు. తీరా పంచే దగ్గరికి వచ్చేసరికి చిన్నవాళ్లు ఎక్కువ తమ దగ్గరే ఉంచుకున్నారు. ఏడెనిమిదేళ్లవాళ్లు మాత్రం చెప్పినట్టే చేశారు. 'నువ్వైతే ఎన్ని ఇస్తావు?' అని ముందే అడిగితే, ఆ చిన్నవాళ్లు తమకే ఎక్కువ ఉంచుకుంటామని ఉన్నదున్నట్టు చెప్పేశారు కూడా. కాబట్టి నీ దగ్గరికొచ్చే ఐదేళ్ల పిల్లకి 'పంచుకోవడం మంచిది' అని మళ్లీ చెప్పడం వల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. తెలిసినదాన్ని చేసి చూసే సందర్భాలు ఆ పిల్లకి కావాలి. అవి మళ్లీ మళ్లీ రావాలి, తప్పినా ఎవరూ నవ్వని చోట రావాలి. నీ ముందు గది అలాంటి చోటైతే చాలు.

అసలు క్లాసు సంగతికి ముందు పెద్దవాళ్ల సంగతి. పోస్టర్ అంటించి, ఫోన్‌లో మెసేజ్ పెట్టి పిల్లల్ని పిలవద్దు. ఒక్కో ఇంటికీ వెళ్లు. కూర్చుని మాట్లాడు. వాళ్ల పిల్లల్లో వాళ్లకి ఏం నచ్చుతుందో ముందు అడుగు. ఆ తర్వాత వాళ్లకి ఏం బెంగగా ఉందో వాళ్లే చెప్తారు. నువ్వు ఏం చేయబోతున్నావో, ఏం చేయవో రెండూ స్పష్టంగా చెప్పు. వీధిలో రకరకాల నమ్మకాల వాళ్లుంటారు, ఏ నమ్మకమూ లేనివాళ్లూ ఉంటారు. ప్రార్థనలూ దేవుడి కథలూ ఉంటాయా ఉండవా అన్నది మొదటి రోజే తేల్చేయి. నువ్వు ఏది ఎంచుకున్నా పర్వాలేదు, తల్లిదండ్రులకి అది ఆలస్యంగా పిల్లల నోట తెలియకూడదు. ఫీజు మాత్రం పెట్టకు. కాగితాలూ జిగురూ రంగులూ అందరూ తలో కొంత తెచ్చుకుంటే సరిపోతుంది. డబ్బు చేతులు మారితే, నీ నుంచి ఫలితం ఎదురుచూడడం మొదలవుతుంది.

తల్లిదండ్రులకి ఇంకో మాట కూడా గట్టిగా చెప్పు. ఇంట్లో పిల్లలు అల్లరి చేసినప్పుడు 'ఉండు, క్లాసులో ఆంటీకి చెప్తాను' అని బెదిరించొద్దని. ఒక్కసారి ఆ మాట పడిందంటే ఆ పిల్లవాడికి నువ్వు పోలీసువైపోతావు. ఆ తర్వాత నీ ముందు వాడు తప్పు దాచడమే నేర్చుకుంటాడు.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. ఇందులో మొహమాటం పనికిరాదు. క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. రెండో మనిషి రాలేని రోజున క్లాసు లేదు, అంతే. గది తలుపు తెరిచే ఉండాలి, ఏ తల్లి అయినా తండ్రి అయినా చెప్పాపెట్టకుండా లోపలికి రావచ్చు. నువ్వు గానీ ఇంకెవరు గానీ ఒక్క పిల్లతో ఒంటరిగా వేరే గదిలో ఉండకూడదు. బాత్రూముకి ఎవరు తోడు వెళ్తారో, అక్కడ ఎలాంటి సాయం చేయవచ్చో ముందే తల్లిదండ్రులతో అనుకో. పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారో పేరు రాయించుకో, ఆ పేరు కాని మనిషి వస్తే ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపు, ఆయన ఎంత తెలిసినవాడైనా సరే. తిండిలో ఏది పడదో, వేసుకునే మందులేమిటో, అర్జంటుగా ఎవరికి ఫోన్ చేయాలో ఒక్కో పిల్లకీ ఒక్కో కాగితం రాయించి, తల్లిదండ్రుల సంతకం తీసుకో. ఫోటోలు తీయడానికి విడిగా అనుమతి అడుగు, ఇవ్వకపోతే తీయకు.

మంచి గుణాలంటే పెద్దల మాట వినడమే అని మాత్రం పిల్లలకి ఎప్పుడూ నేర్పకు. ఇష్టం లేకపోతే ముద్దు పెట్టించుకోనక్కర్లేదు, 'ఎవరికీ చెప్పొద్దు' అని ఎవరైనా పెద్దవాళ్లు అంటే అమ్మకో నాన్నకో, ఇంట్లో కుదరకపోతే నమ్మకమున్న ఇంకో పెద్దమనిషికో చెప్పి తీరాలి. ఇవి కూడా ధైర్యం కిందకే వస్తాయి, నిజాయితీ కిందకే వస్తాయి. ఎప్పుడైనా ఓ పిల్ల తనని ఎవరో కొడుతున్నారనో, ముట్టుకోకూడని చోట ముట్టుకుంటున్నారనో చెప్పిందనుకో. మొహంలో కంగారు కనబడనివ్వకు. పూర్తిగా విను. 'చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేం లేదు' అను. 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకు. గుచ్చిగుచ్చి అడగకు. పిల్ల వాడిన మాటలు వాడినట్టే ఆ రోజే రాసిపెట్టి, ఆలస్యం చేయకుండా పిల్లల రక్షణ చూసే అధికారులకి తెలియజేయి. నిజమా కాదా తేల్చడం నీ పని కాదు. మీ ఊళ్లో ఆ అధికారులెవరో, నంబరేమిటో క్లాసు మొదలవకముందే తెలుసుకుని రాసిపెట్టుకో.

సరే, క్లాసు. మొదట్లో ఆరేడుగురు చాలు, పదిమంది దాటనివ్వకు. వారానికో గుణం వద్దు, ఒక్కోదానికి కనీసం నెల పట్టనీ. ఈ వయసుకి ఏడాదికి ఏడెనిమిది గుణాలు ఎక్కువే. మొదలుపెట్టడానికి 'నిజాయితీ' లాంటి బరువైన పేరు ఎందుకు? సాయం చేయడంతో మొదలుపెట్టు, అది పిల్లలకి పుట్టుకతోనే దగ్గర. ఏడాదిన్నర పసివాళ్లు కూడా, ముక్కూమొహం తెలియని మనిషి చేతిలోంచి బట్టల క్లిప్పు జారి అందక అవస్థ పడుతుంటే, ఎవరూ చెప్పకుండానే తీసి ఇస్తారని 2006లో వచ్చిన ప్రయోగాల్లో తేలింది. ఉన్నదాన్ని పెంచడం సులువు. తర్వాత వంతు కోసం ఆగడం, పంచుకోవడం, చెప్పిన మాట నిలబెట్టుకోవడం, పాడుచేసినదాన్ని బాగుచేయడం. నిజం చెప్పడం వీటి తర్వాతే పెట్టు. నిజం చెబితే ఇక్కడ పరువు పోదన్న నమ్మకం అప్పటికి కుదిరి ఉంటుంది.

గంటలో కథకి పది నిమిషాలు మించనివ్వకు. పుస్తకం చూసి చదవడం కంటే నోటితో చెప్పు, పిల్లల మొహాలు చూస్తూ చెప్పవచ్చు. కథలు ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూసుకో. మనకి అలవాటైన నీతి కథల్లో ఎక్కువగా జంతువులే మాట్లాడతాయి. టొరంటోలో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి పంచుకోవడం గురించిన ఒకే కథని ఒక గుంపుకి మనుషుల బొమ్మలతో, ఇంకో గుంపుకి జంతువుల బొమ్మలతో చదివి వినిపించారు. 2017లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, మనుషుల కథ విన్నవాళ్లే తర్వాత తమ స్టిక్కర్లు ఎక్కువగా పంచారు. ఒక్క ప్రయోగం చూసి జంతువుల కథలు మానేయమని చెప్పను, పిల్లలకి వాటి మీద ఉన్న ఇష్టం చిన్నదేం కాదు. కానీ తమలాంటి పిల్లల కథలు కూడా కలుపు. బడి సంచి మోసే పిల్ల, తమ్ముడితో పేచీ పడే పిల్లవాడు.

రెండోది, భయపెట్టే కథలు. 2014లో వచ్చిన ఇంకో ప్రయోగంలో, చూడొద్దన్న బొమ్మని దొంగచాటుగా చూసిన మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకి కథలు చెప్పి, ఆ తర్వాత నిజం చెప్పమన్నారు. అబద్ధమాడినవాడికి శిక్ష పడిన కథల వల్ల తేడా రాలేదు. చెట్టు నరికానని ఒప్పుకున్న పిల్లవాడిని తండ్రి మెచ్చుకున్న కథ విన్నాక మాత్రం నిజం చెప్పినవాళ్లు పెరిగారు. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. భయపడిన పిల్లవాడు ఎలా తప్పించుకోవాలా అని చూస్తాడు.

కథ అయిపోగానే 'దీని వల్ల మనం నేర్చుకున్న నీతి ఏమిటి?' అని అడగకు. పిల్లలు నీకు కావలసిన జవాబు ఠక్కున చెప్పేస్తారు, అక్కడితో అంతా ఆగిపోతుంది. 'ఆ అమ్మాయికి అది ఎందుకంత కష్టమైంది?' అని అడిగి చూడు. మంచి పని చేయడం కష్టమని ఒప్పుకునే చోటే పిల్లలు తమ గురించి చెప్పడం మొదలుపెడతారు.

గంటలో కనీసం సగం కలిసి చేసే పనికి ఉంచు. పెద్ద కాగితం మీద అందరూ కలిసి ఒకే బొమ్మ వేయడం, మొక్కలు నాటడం, చిరిగిన పుస్తకాలు అతికించడం, ఒంట్లో బాగోలేని పక్కింటి ముసలాయనకి కార్డు తయారుచేయడం, ఏదైనా సరే. ఒక్కళ్లు చేస్తే అవనిదై ఉండాలి. సామాను కూడా కావాలనే కాస్త తక్కువ పెట్టు. ఎనిమిదిమంది ఉంటే కత్తెరలు నాలుగే, జిగురు సీసాలు మూడే. అప్పుడు అడగాలి, ఆగాలి, ఇవ్వాలి, ఒకళ్ల పని అయ్యేదాకా ఇంకొకళ్లు కాగితం పట్టుకోవాలి. నీ పాఠమంతా అక్కడే జరుగుతుంది.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. ఓ ఆరేళ్ల పాప జిగురు పని అయిపోగానే సీసాకి మూత బిగించి, అవసరం లేకపోయినా, మోకాలి కింద పెట్టుకుంది. పక్కన ఉన్న పిల్లవాడు కాగితం ముక్క అంటించాల్సిన చోట పెట్టి, చివర లేచిపోకుండా వేలితో నొక్కిపట్టుకుని చూస్తున్నాడు. సాయానికి వచ్చిన అమ్మాయి 'పాపా, ఇచ్చెయ్' అనబోతుంటే నేను వద్దని సైగ చేశాను. చాలాసేపు ఏమీ జరగలేదు. వాడి వేలి గోరు తెల్లబడింది. చివరికి 'నీది అయిపోయిందా?' అన్నాడు. ఆ పాప వాడి మొహం చూడలేదు, కాగితం మీద నొక్కిపట్టిన వేలిని చూసింది. మోకాలి కింద నుంచి సీసా తీసింది, వాడికి ఓ చెయ్యే ఖాళీగా ఉందని మూత తనే తిప్పి తీసి ఇచ్చింది. మేము ముందే కలగజేసుకుని ఉంటే సీసా వాడికి దక్కేదే, ఆ మూత తీయడం మాత్రం జరిగేది కాదు. క్లాసు అయ్యాక ఆ పాప చెప్పులేసుకుంటుంటే పక్కన కూర్చుని 'వాడి చెయ్యి ఖాళీగా లేదని చూసి, మూత తీసి మరీ ఇచ్చావు' అన్నాను. అంతకు మించి ఏమీ అనలేదు.

మెచ్చుకోవడమంటే ఇదే నాకు తెలిసిన పద్ధతి. 'నువ్వు చాలా మంచిదానివి' అంటే పిల్లకి ఏం చేసిందో తెలియదు, రేపు పొరపాటు చేస్తే చెడ్డదాన్ని అయిపోయానా అన్న బెంగ ఒకటి. జరిగింది జరిగినట్టు చెప్పు, దానివల్ల ఎదుటివాళ్లకి ఏం ఒరిగిందో చెప్పు. అందరి ముందూ కాదు, విడిగా. అందరి ముందు ఒకళ్లని పొగిడితే మిగతావాళ్లు ఆ పిల్లని చూసి నేర్చుకోరు, కుళ్లుకుంటారు.

స్టార్ల చార్ట్ సంగతి. ఇది నీకు రుచించదని తెలుసు, పిల్లలకి స్టార్లంటే ఎంత ఇష్టమో నాకూ తెలుసు. 1973లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ స్కూల్లో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత వాళ్లంతట వాళ్లని వదిలేస్తే, ఆ పిల్లలే మిగతావాళ్ల కంటే తక్కువసేపు బొమ్మలేశారు. 2008లో ఇరవై నెలల పసివాళ్లతో చేసిన ప్రయోగంలో కూడా అంతే, సాయం చేసినందుకు బహుమతి అందుకున్నవాళ్లు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది కూలిపని అవుతుంది. చార్ట్ వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ఎవరికి తక్కువ స్టార్లున్నాయో గోడ మీద ప్రతివారం అందరికీ కనిపిస్తుంది. ఆ పిల్లవాడికే నీ క్లాసు అందరికంటే ఎక్కువ అవసరం, ముందుగా మానేసేది కూడా వాడే. నెలాఖరున అందరూ కలిసి సరదాగా ఆటలాడుకోండి, పాటలు పాడుకోండి. దాన్ని దేనికీ బహుమతి అని మాత్రం అనకు.

గొడవలు వస్తాయి. వస్తే క్లాసు చెడిపోయిందని టెన్షన్ పడకు. గొడవ వచ్చిందంటే కథ ఆపి దాని దగ్గరికి వెళ్లాల్సిందే. కొట్టుకుంటుంటే ముందు విడదీయి. ఏడుపు తగ్గేదాకా మాట్లాడించకు, ఏడుస్తున్న పిల్లల చెవికి ఏదీ ఎక్కదు. తర్వాత ఇద్దరినీ చెప్పనివ్వు, ఒకళ్లు చెప్పినదాన్ని రెండోవాళ్ల చేత తిరిగి చెప్పించు. ఈ వయసులో పిల్లలు ఎంత పగిలిందన్నది చూసి తప్పు తూస్తారు. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే 1932లో రాసింది అదే. తెలియక తలుపు తోసి పదిహేను కప్పులు పగలగొట్టినవాడికంటే, దొంగతనంగా ఏదో తీసుకోబోయి ఒక్క కప్పు పగలగొట్టినవాడు తక్కువ తప్పు చేశాడని చిన్నవాళ్లు అనేవాళ్లట. మనసులో ఏముందో విడమరిచి చెబితే ఇంకా చిన్నవాళ్లు కూడా అర్థం చేసుకోగలరని తర్వాత వచ్చినవాళ్లు చూపించారు. కాబట్టి 'వాడు కావాలని చేశాడా, చూసుకోక చేశాడా?' అన్న ప్రశ్న ప్రతి గొడవలోనూ నువ్వే అడుగు. కొన్ని నెలలకి వాళ్లే అడుగుతారు.

బలవంతంగా 'సారీ' చెప్పించకు. తల వంచుకుని నేలకి చెప్పే సారీ ఎవరికీ పనికిరాదు. 'ఇప్పుడు ఏం చేస్తే వాడికి కాస్త బాగుంటుంది?' అని అడుగు. చిరిగిన కాగితం అతికిస్తారో, తమ కాగితంలో సగం ఇస్తారో, నీళ్లు తెచ్చి ఇస్తారో వాళ్లనే ఎంచుకోనీ. కొట్టించుకున్న పిల్లకి కూడా 'సరేలే, వదిలెయ్' అని తొందరపెట్టకు. క్షమించడం తనకి తోచినప్పుడు చేసే పని.

ఎప్పుడూ గొడవపడే పిల్లవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడిని బయటికి పంపకు. మిగతావాళ్లకంటే పది నిమిషాలు ముందు రమ్మని, నువ్వూ సాయానికి వచ్చినవాళ్లూ ఇద్దరూ ఉన్నప్పుడు, చాపలు పరిచే పని ఇవ్వు. నిజంగా అవసరమైన పనై ఉండాలి, ఉత్తుత్తి పనైతే వాడికి తెలిసిపోతుంది. నిద్ర చాలడం లేదేమో, ఆకలిగా వస్తున్నాడేమో, చెవి సరిగ్గా వినబడడం లేదేమో కూడా చూడు. మాట్లాడని పిల్లల గురించి ఒక్కటే చెప్తాను. మాట్లాడించకు. పక్కన ఉండి పని చేయనీ చాలు.

సాయానికి వీధిలోనే పన్నెండు, పధ్నాలుగేళ్ల పిల్లలుంటే ఒకరిద్దరిని పిలు. రెండో పెద్దమనిషికి బదులుగా కాదు, అదనంగా. చిన్నపిల్లలు మన కంటే వాళ్లనే ఎక్కువ గమనిస్తారు. క్లాసుకి ముందు పావుగంట వాళ్లతో కూర్చుని ఆ రోజు ఏం చేయబోతున్నారో మాట్లాడు. ఈ పని వల్ల ఆ పెద్దపిల్లలకి జరిగే మేలు కూడా తక్కువేం కాదు. వాళ్లతో నువ్వు ఎలా మాట్లాడతావో, ఆలస్యంగా వస్తే ఏమంటావో, నీ ఫోన్ మోగితే ఏం చేస్తావో చిన్నవాళ్లంతా చూస్తూనే ఉంటారు. అది కూడా పాఠంలో భాగమే.

ఇంటితో ముడి వేయకపోతే క్లాసులో వచ్చింది క్లాసులోనే ఉండిపోతుంది. 1920లలో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు దాదాపు పదకొండు వేల మంది పిల్లల నిజాయితీని రకరకాల చోట్ల పరీక్షించారు. పరీక్షలో కాపీ కొట్టనివాడు ఆటలో మోసం చేశాడు, ఆటలో మోసం చేయనివాడు ఇంకోచోట అబద్ధమాడాడు. నిజాయితీపరులు, మోసగాళ్లు అని పిల్లల్ని రెండుగా విడదీయడం కుదరలేదు. చోటు మారితే నడవడిక మారింది. కాబట్టి మీ గదిలో నేర్చుకున్నది వంటింట్లో, బడిలో, ఆటస్థలంలో విడివిడిగా అలవాటు కావాలి. అందుకని ప్రతివారం ఇంటికి ఓ చిన్న పని పంపు. తమ్ముడు కట్టిన బ్లాకులు పడిపోతే ఎలా కావాలో అడిగి మళ్లీ కట్టిపెట్టడం, అలాంటిది. తల్లిదండ్రులకి కూడా నెలకోసారి ఓ మాట చెప్పు, 'మీ పిల్ల ఇలా చేసింది' అని జరిగిన ఒక్క మంచి సంగతి. ఫిర్యాదులు మోసుకెళ్లకు. చెప్పాల్సిన సమస్య ఉంటే అది విడిగా, పిల్ల వినని చోట.

ఓ నోటుబుక్కు పెట్టుకో. క్లాసు అయిన రోజునే, ఎవరు ఏం చేశారో నాలుగు ముక్కలు రాయి. మార్కులు వేయకు, 'దయ: పదికి ఆరు' లాంటివి రాయకు. ఆ నోటుబుక్కు నువ్వు తప్ప ఎవరూ చూడకూడదు. ఫలితం కోసం తొందరపడకు కూడా. అమెరికా విద్యాశాఖ పరిశోధన సంస్థ 2010లో ఓ పెద్ద నివేదిక ఇచ్చింది. బడుల్లో నడిచే ఏడు నడవడిక కార్యక్రమాలని మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా గమనిస్తే, మొత్తమ్మీద పిల్లల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. శిక్షణ పొందిన టీచర్లు, తయారుచేసిన పుస్తకాలు అన్నీ ఉన్న చోటే అలా ఉంది. ఇది నిన్ను నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. మూడు నెలలకే ఎవరైనా 'మా వాడు ఏం మారలేదే' అంటే నువ్వు కుంగిపోకూడదని చెప్తున్నాను. నీకు కనిపించే గుర్తులు చాలా చిన్నవి. నువ్వు చెప్పకుండానే ఓ పిల్ల రెండు చాపలు మడతపెట్టడం, రాని పిల్ల గురించి 'తనకి ఏమైంది?' అని ఇంకో పిల్ల అడగడం. నోటుబుక్కులో అవి పడాలి.

రెండో నెలలో పిల్లలు తగ్గుతారు. కొత్త పోతుంది, పరీక్షలొస్తాయి, ఎవరింట్లోనో పెళ్లి ఉంటుంది. ఇద్దరే వచ్చినా, రెండో పెద్దమనిషి ఉంటే క్లాసు నడుపు. వచ్చిన ఇద్దరికీ పూర్తి గంట ఇవ్వు, రానివాళ్ల గురించి వాళ్ల ముందు నిట్టూర్చకు. రానివాళ్ల ఇంటికి ఆ సాయంత్రమే ఓసారి వెళ్లి పలకరించు, ఎందుకు రాలేదని అడగడానికి కాదు, ఊరికే. మూడు నెలలకోసారి రెండు వారాలు సెలవు తీసుకో, నీకూ ఊపిరి కావాలి.

వచ్చే వారమే మొదలుపెడతానని రాశావు, ఇంకో నెల ఆగు. ఈ నెలంతా ఇళ్లకి వెళ్లడానికే పెట్టుకో. నీతో ప్రతివారం కూర్చోగల ఆ రెండో మనిషి ఎవరో ఇంకా రాయలేదు, ముందు అది తేల్చుకుని నాకు రాయి. ఆ మనిషితో కూడా మాట్లాడాలని ఉంది.

నీ పెద్దమ్మ